కుక్కపిల్లకు 'ఆ చోటు' ఎక్కడ? పెరడు, పేపరు, ప్యాడ్, బాల్కనీ గడ్డి, బాత్రూము: ఏది మీ ఇంటికి సరిపోతుంది

ఎనిమిది వారాల కుక్కపిల్ల రోజుకు పది పన్నెండుసార్లు ఒంటికి, నాలుగైదుసార్లు రెంటికి పోతుంది. ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే దాదాపు వందసార్లు "ఇక్కడ పోవచ్చు" అని దానికి ఏదో ఒక పాఠం అందుతుంది. మీరు నేర్పినా సరే, నేర్పకపోయినా సరే. అందుకే ఎక్కడ అలవాటు చేయాలన్నది పిల్లను తెచ్చాక నాలుగు రోజులు చూసి తేల్చుకునే పని కాదు. తెచ్చే ముందు రోజుకే తేలిపోవాలి.

తేలకపోవడానికి కారణం తలా ఒక మాట చెప్పడం. పెద్దవాళ్లు పెరట్లో వదిలేస్తే అదే నేర్చుకుంటుందంటారు. పెట్ షాపులో ప్యాడ్లు అంటగడతారు. ఎదురు ఫ్లాట్‌వాళ్లు బాత్రూములో నేర్పేశామంటారు. వీటిలో పనిచేయనిది ఏదీ లేదు. కాకపోతే ఒక ఇంటికి కుదిరింది పక్కింటికి కుదరదు.

## ముందు ఈ ఐదూ చూసుకోండి

పాదం కింద ఏముంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, చాలామంది పట్టించుకోనిదీ ఇదే. కుక్కపిల్ల "ఇది బాల్కనీ, ఇది హాలు" అని గదుల లెక్కన నేర్చుకోదు. వాసనను, పాదాల కింది స్పర్శను గుర్తుపెట్టుకుంటుంది. ఈ ఇష్టం రెండు నెలల వయసు దాటుతూనే ఏర్పడటం మొదలై, నాలుగో నెలకల్లా బాగా గట్టిపడుతుంది. గడ్డి మీద అలవాటైన పిల్ల గడ్డిని వెతుక్కుంటుంది. మెత్తటి ప్యాడ్ మీద అలవాటైనది డోర్‌మ్యాట్‌ను, బాత్రూము ముందు పట్టాను, కింద పడేసిన తువ్వాలును వెతుక్కుంటుంది. అందులో దాని తప్పేమీ లేదు, మనం నేర్పింది అదే మరి.

ఏడాది తర్వాత అది ఎక్కడికి పోవాలి. రెండు నెలల పిల్లకు చేతనయిన చోటు కాకుండా, పెద్దయ్యాక పోవాల్సిన చోటు ఏదో ముందు తేల్చండి. రోజూ మూడుసార్లు బయటికి తీసుకెళ్లగలిగే ఇంట్లో ఆరు నెలలు ప్యాడ్ మీద పెంచడమంటే ఒకటి నేర్పి, మళ్లీ మాన్పించి, ఇంకోటి నేర్పడం.

టీకాలు ఎంతవరకు వచ్చాయి. పార్వో, డిస్టెంపర్ వంటి ప్రాణాంతక వైరస్ జబ్బులు రాకుండా వేసే కలిపిన టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతుంది. తర్వాత మూడు, నాలుగు వారాలకోసారి వేస్తూ పదహారు వారాల దాకా సాగుతుంది. రేబీస్ టీకా మూడు నెలలు నిండాక. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. వీధికుక్కలు తిరిగే పార్కులో, రోడ్డు పక్క మట్టిలో టీకాలు పూర్తికాని పిల్లను దించకూడదనేది అందుకే. చివరి డోసు పడ్డాక కూడా రెండు వారాలు ఆగడం మంచిది.

పగలు ఇంట్లో ఎవరుంటారు. మెలకువగా ఉన్నప్పుడు పిల్ల ఆపుకోగలిగే సమయానికి ఒక మోటు లెక్క ఉంది: వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు. రెండు నెలల పిల్లకు మూడు గంటలన్నమాట. అది గరిష్ఠం మాత్రమే, ఆటలో ఉన్నప్పుడు అరగంట కూడా ఆగదు. పొద్దున తొమ్మిదికి తాళం వేసి సాయంత్రం ఆరుకు వచ్చే ఇంట్లో "బయటే" అనే పద్ధతి ఒక్కటే పెట్టుకుంటే లెక్క కుదరదు.

ఎన్ని సెకన్లలో చేరతారు. పిల్ల నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాక మీకు దొరికేది పది, పదిహేను సెకన్లు. పెరటి తలుపు ఆ దూరంలో ఉంటుంది. ఐదో అంతస్తు నుంచి లిఫ్టులో ఆలోపు కిందికి చేరలేరు.

## ఒక్క చూపులో

| పద్ధతి | పాదం కింద | టీకాలకు ముందు | ఖర్చు | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|
| సొంత పెరడు | మట్టి, గడ్డి | వీధికుక్కలు రాని ఆవరణ అయితే సరే | దాదాపు లేదు | ఒంటరిగా వదిలేస్తే నేర్చుకోదు |
| వీధి, పార్కు | మట్టి, గడ్డి, సిమెంటు | వద్దు | సంచులు మాత్రమే | దూరం, ఎండ, వీధికుక్కలు |
| పాత పేపర్లు | కాగితం | సరే | చాలా తక్కువ | తడి కిందికి దిగుతుంది |
| ప్యాడ్లు | మెత్తటి గుడ్డ లాంటిది | సరే | ఎక్కువ, ప్రతి నెలా | డోర్‌మ్యాట్లు, పరుపులు బలి |
| బాల్కనీ గడ్డి ట్రే | గడ్డి | సరే | మధ్యస్థం | వాసన, కింది ఫ్లాటు |
| బాత్రూము, వాష్ ఏరియా | టైల్ | సరే | లేదు | ఇల్లంతా అదే టైల్ |

## సొంత పెరడు

ఇండిపెండెంట్ ఇల్లు, చుట్టూ ప్రహరీ, కాస్త మట్టి ఉంటే ఇంకేదీ చూడనక్కర్లేదు. మొదటి రోజు నుంచే అక్కడే. వాసనను మట్టి పీల్చుకుంటుంది, స్పర్శ వేరుగా ఉంటుంది, టైల్స్ నేలకూ దానికీ పోలికే లేదు. ఇంతకన్నా తేలిగ్గా నేర్చుకునే చోటు లేదు. దేశీ కుక్కపిల్లలైతే మరీ త్వరగా పట్టేస్తాయి, మట్టి మీద పుట్టినవాటికి టైల్స్ మీద పోవడమే వింత.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే. పిల్లను పెరట్లో వదిలి, తలుపేసి, పది నిమిషాలకు లోపలికి పిలుస్తారు. ఆ పది నిమిషాలూ అది కాకిని తరిమి, ఆకులు నమిలి, తలుపు గీకి, లోపలికి రాగానే హాలు మధ్యలో పోస్తుంది. "బయట ఇంతసేపుండి లోపలికొచ్చి పోస్తుంది, కావాలనే చేస్తోంది" అంటారు. అది కావాలని చేసింది కాదు. బయట ఆటలో మరిచిపోయింది, లోపల గుర్తొచ్చింది, అంతే.

సరైన పద్ధతి ఇదీ: నాలుగైదు అడుగుల తాడు కట్టి, ప్రతిసారీ ఒకే మూలకు తీసుకెళ్లి, మీరు కదలకుండా నిలబడండి. ఆడించొద్దు, మాట్లాడించొద్దు. ఐదు నిమిషాలు చూడండి. పోస్తే, పోయడం పూర్తయిన రెండు సెకన్లలోపు అక్కడికక్కడే చిటికెన వేలి గోరంత ఉడికించిన చికెన్ ముక్క, శాకాహారుల ఇంట్లో అయితే పనీర్ ముక్క పెట్టండి. లోపలికొచ్చాక ఇస్తే లోపలికి రావడానికి ఇచ్చినట్టు అవుతుంది. పోయకపోతే లోపలికి తెచ్చి నేల మీద వదలకండి. ఒళ్లోనో క్రేట్‌లోనో (తలుపున్న కుక్క బోను) పది నిమిషాలు ఉంచి మళ్లీ తీసుకెళ్లండి.

ఇంకో మాట. పోయగానే తాడు పట్టి లోపలికి లాక్కొస్తే, పోస్తే షికారు అయిపోతుందని పిల్ల లెక్క కట్టేస్తుంది, రెండో వారం నుంచి బిగబట్టడం మొదలుపెడుతుంది. పోశాక మూడు నాలుగు నిమిషాలు అక్కడే ఆడనివ్వండి.

మూల ఎంచేటప్పుడు తులసికోటకు, ముగ్గు పెట్టే వాకిలికి, వడియాలు ఎండబెట్టే చోటుకు దూరంగా చూసుకోండి. ఒకసారి వాసన పట్టిన చోటును మార్చడం కష్టం. గేటు కింద సందులోంచి వీధికుక్కలు వచ్చి పోతుంటే అది సొంత పెరడే అయినా టీకాల లెక్కలో వీధి కిందే జమ.

## వీధి, పార్కు

పెద్దయ్యాక చాలా కుక్కలకు చివరి చోటు ఇదే. మొదటి చోటు మాత్రం కాదు. నాలుగు నెలలు దాటి, టీకాలు పూర్తయ్యాక మొదలుపెట్టండి.

ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు అసలు పరీక్ష లిఫ్టు దగ్గరే. నిద్రలేచిన పిల్ల నడుస్తూ లిఫ్టు దాకా వెళితే, లిఫ్టులోనే పని కానిచ్చేస్తుంది. ఎత్తుకుని వెళ్లండి. చేతుల్లో ఉన్నంతసేపు చాలా పిల్లలు ఆపుకుంటాయి. లాబ్రడార్ పిల్లలు మూడో నెలాఖరుకే పది కిలోల దాకా వస్తాయి కాబట్టి ఈ సౌకర్యం ఎక్కువ రోజులు ఉండదు. లిఫ్టు ఎక్కనివ్వబోమని అపార్టుమెంటు సంఘంవాళ్లు అంటే, అలా నిషేధించడానికి వీల్లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కుక్క రెంటికి పోతే ఎత్తేయమని యజమానులకు చెప్పిందీ అవే మార్గదర్శకాలు. రెండు ముక్కలూ కలిపే గుర్తుపెట్టుకోవాలి. జేబులో సంచి లేకుండా కిందికి దిగొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కితే సిమెంటు రోడ్డు మీద పాదాలు కాలతాయి. అరచేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క కూడా నడవలేదు. మధ్యాహ్నం మరో చోటు ఉండి తీరాలి. వానాకాలంలో ఇంకో ఇబ్బంది. తడినేల మీద అడుగు పెట్టనని మొరాయించే పిల్లలు చాలా ఉంటాయి. గొడుగు పట్టుకుని అయినా చినుకుల్లో రెండు మూడుసార్లు తీసుకెళ్లి, పోశాక మామూలుకన్నా పెద్ద ముక్క పెడితే దారికొస్తుంది. నిలిచిన నీళ్లలోకి మాత్రం దించొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనుషులకూ అంటుకునే జబ్బు.

## పాత పేపర్లు

ఖర్చు లేదు, ప్రతి ఇంట్లో ఉంటాయి. తెచ్చిన మొదటి పది రోజులకు, రాత్రి పూట కంచెలో (పిల్ల బయటికి రాకుండా ఇంట్లో చుట్టూ నిలబెట్టే అడ్డు) వేయడానికి సరిపోతాయి. నాలుగైదు పొరలు వేయాలి, కింద ప్లాస్టిక్ షీటు ఉండాలి, లేకపోతే తడి టైల్స్ సందుల్లోకి దిగి వాసన అక్కడ నిలుస్తుంది. మార్చేటప్పుడు వాసన ఉన్న చిన్న ముక్కను కొత్తవాటి కింద పెడితే చోటు గుర్తుంటుంది.

శాశ్వత పద్ధతిగా మాత్రం దీన్ని ఎంచుకోకండి. తాతగారు కింద పరుచుకుని చదువుతున్న పేపరుకూ దాని పేపరుకూ తేడా ఏమిటో ఆ పిల్లకు చెప్పే మార్గం లేదు.

## ప్యాడ్లు

పైన మెత్తటి పొర, లోపల నీటిని జెల్‌గా మార్చే పొడి, కింద ప్లాస్టిక్. పసిపిల్లల డైపరును పరిచినట్టే. చిన్న జాతులకు 45×60 సెంటీమీటర్లవి, పెద్దవాటికి 60×90వి కావాలి. సైజు తక్కువైతే ముందుకాళ్లు ప్యాడ్ మీద, పని మాత్రం టైల్ మీద. పిల్ల దృష్టిలో అది గురి తప్పలేదు, పాదాలు సరైన చోటే ఉన్నాయి.

ఖర్చు లెక్క వేయండి. ఒక్కోటి 20 రూపాయలనుకుంటే, రోజుకు నాలుగు చొప్పున నెలకు 2400. ఉతికి వాడే గుడ్డ ప్యాడ్లు దీర్ఘకాలంలో చవక. కానీ అవి మరీ డోర్‌మ్యాట్‌లాగే ఉంటాయి కాబట్టి గందరగోళం రెట్టింపు.

ప్యాడ్ పెట్టదలిస్తే ఇంట్లో ఉన్న డోర్‌మ్యాట్లు, బాత్రూము పట్టాలు, చిన్న తివాచీలు అన్నీ రెండు నెలలపాటు ఎత్తి అటక మీద పెట్టండి. ఈ ఒక్క పని చేయని ఇళ్లలోనే "ప్యాడ్ ట్రైనింగ్ పనిచేయలేదు" అనే మాట వినిపిస్తుంది. ప్యాడ్‌ను చింపి ఆడే పిల్లలకు అంచులు బిగించే జాలీ ఉన్న ట్రే తెచ్చుకోవాలి. లోపలి జెల్ పొడిని మింగనివ్వకూడదు.

ఎవరికి తప్పదంటే: పగలు ఐదారు గంటలు ఒంటరిగా ఉండే పిల్లకు, జబ్బుపడి నీరసంగా ఉన్నదానికి, మెట్లు దిగలేని పెద్దవాళ్ల ఇంట్లోని షిట్జు, పామరేనియన్ లాంటి చిన్న కుక్కకు. మిగతావాళ్లకు ఇది మొదటి ఎంపిక కాకూడదు.

## బాల్కనీ గడ్డి ట్రే

ఫ్లాట్‌లో ఉంటూ, టీకాలయ్యాక బయటికి తీసుకెళ్లాలనుకునేవాళ్లకు ఆరింటిలో ఇదే మెరుగు. కారణం మళ్లీ పాదం దగ్గరికే వస్తుంది. ఈరోజు బాల్కనీలో గడ్డి, రేపు పార్కులో గడ్డి. పిల్ల కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు, చోటు మారుతుందంతే.

రెండు రకాలున్నాయి.

కృత్రిమ గడ్డి ట్రేలో పైన ప్లాస్టిక్ గడ్డి, మధ్యలో జాలీ, కింద నీళ్లు చేరే పళ్లెం. రోజూ పళ్లెం పారబోయాలి, గడ్డి ముక్కను రోజు విడిచి రోజు కడిగి ఆరబెట్టాలి. ఒకటి ఆరుతుంటే ఇంకోటి వేయడానికి రెండు ముక్కలు ఉంచుకోండి. వేసవిలో నేరుగా ఎండ పడే బాల్కనీలో ప్లాస్టిక్ గడ్డి రోడ్డుకన్నా వేడెక్కుతుంది, నీడ ఉండాలి.

అసలు గడ్డి అయితే నర్సరీల్లో లాన్ కోసం అమ్మే పచ్చిక ముక్కలు తెచ్చుకోవచ్చు. గోదావరి జిల్లాల్లో ఉన్నవాళ్లకు కడియం నర్సరీలు ఉండనే ఉన్నాయి, నగరాల్లో ప్రతి పేటలో నర్సరీ ఉంది. రంధ్రాలున్న రెండడుగులు బై మూడడుగుల ట్రేలో అడుగున అంగుళం మందాన కంకర, దాని మీద రెండంగుళాల మట్టి, దాని మీద పచ్చిక. చిన్న జాతికి ఒకటిన్నర బై రెండు చాలు. మూత్రంలోని నత్రజనికి గడ్డి మాడిపోతుంది, రెండు మూడు వారాలకు పసుపు మచ్చలు తేలతాయి. పోసిన ప్రతిసారీ చెంబెడు నీళ్లు చల్లితే ఇంకొన్నాళ్లు వస్తుంది. నర్సరీ గడ్డికి పురుగుమందు కొట్టి ఉండొచ్చు, పిడుదులు కూడా ఉండొచ్చు. తెచ్చాక రెండు మూడు రోజులు బాగా నీళ్లతో తడిపి ఉంచి, దులిపి చూసి వాడండి.

గడ్డి బదులు ఇసుక పోసేవాళ్లున్నారు. పిల్ల తవ్వి బాల్కనీ అంతా జల్లుతుంది, నోట్లో వేసుకుంటుంది, పేగుల్లో చేరితే ప్రమాదం. వీధి పిల్లులు వచ్చే అంతస్తు అయితే వాటికీ అదే చోటవుతుంది. వద్దు.

బాల్కనీ పద్ధతిలో గొడవ కుక్కతో రాదు, కింది ఫ్లాటువాళ్లతో వస్తుంది. కడిగిన నీళ్లు గ్రిల్ సందులోంచి కింద ఆరేసిన చీరల మీద పడితే మీ ట్రైనింగ్ సంగతి సంఘం మీటింగులో తేలుతుంది. ట్రేకు ఒకవైపు కింద అరంగుళం ఎత్తు పెట్టి, నీళ్లు బాల్కనీ తూము వైపే పోయేలా చూడండి. తూము లేని బాల్కనీ అయితే అడుగున పళ్లెం ఉన్న కృత్రిమ ట్రేనే పెట్టుకోండి. గ్రిల్ సందులు పిల్ల తల పట్టేంత ఉంటే ముందు వల కట్టించండి.

మగ కుక్కలు ఆరు నెలలు దాటాక కాలెత్తడం మొదలుపెడతాయి. అప్పుడు ట్రే మధ్యలో ఇసుక నింపిన రెండు లీటర్ల సీసా నిలబెట్టకపోతే అవి గోడను ఎంచుకుంటాయి.

## బాత్రూము, వాష్ ఏరియా

మన ఇళ్లలో చాలామంది చేసేది ఇదే. తూము ఉంది, మగ్గు ఉంది, రెండు చెంబులు కొడితే శుభ్రం. చిన్న ఫ్లాటులో, బాల్కనీ లేనివాళ్లకు శాశ్వతంగా కూడా పనికొస్తుంది.

చిక్కేమిటంటే హాల్లో వేసిందీ టైలే, బాత్రూములో వేసిందీ టైలే. పాదానికి తేడా తెలియదు. పిల్ల "టైల్ మీద పోవాలి" అని నేర్చుకుని, బాత్రూము దూరమనిపించినప్పుడు దగ్గర్లో ఉన్న టైల్ మీద పోస్తుంది. దీనికి పరిష్కారం చవకైనది: నీళ్లు కిందికి దిగే రంధ్రాల రబ్బరు మ్యాట్ ఒకటి బాత్రూము మూలలో వేసి, ఇంట్లో అలాంటిది ఇంకెక్కడా లేకుండా చూడండి. కాళ్లు జారవు, తడవవు, స్పర్శ వేరుగా ఉంటుంది.

తలుపు ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉండాలి. చుట్టాలొచ్చి అలవాటుగా మూసేసిన రోజున పిల్ల తలుపు ముందే పోస్తుంది, అక్కడితో ఆ తలుపు ముందు కొత్త చోటు తయారవుతుంది. తలుపుకు అడ్డు పెట్టేయండి. యాసిడ్, నల్ల ఫినాయిల్ ఆ బాత్రూములో వాడొద్దు. తడి పాదాలకు అంటుకున్నది తర్వాత నాలుకకు చేరుతుంది.

## క్రేట్, కంచె, తాడు

ఇవి చోటుకు ప్రత్యామ్నాయాలు కావు, మీ కళ్లకు ప్రత్యామ్నాయాలు. మీరు చూడలేని సమయంలో పిల్ల ఎక్కడ ఉండాలన్నదానికి జవాబులు.

క్రేట్ పడుకునే చోటును పాడుచేసుకోని సహజ గుణం మీద ఆధారపడుతుంది. నిలబడి, గుండ్రంగా తిరిగి, కాళ్లు చాచి పడుకునేంత ఉండాలి, అంతకన్నా పెద్దదైతే ఒక మూల పడక, ఇంకో మూల దొడ్డి అవుతుంది. పెద్ద జాతి అయితే మధ్యలో అడ్డుపలక ఉన్నది కొని, పెరిగేకొద్దీ జరపండి. మన ఎండలకు తీగల క్రేటే సరి, ఫ్యాను కింద ఉండాలి. మూడు నెలల పిల్లను పగలు రెండు మూడు గంటలకు మించి ఉంచొద్దు. పుట్టినప్పటినుంచి బోనులోనే పెరిగి, అందులోనే అన్నీ కానిచ్చిన పిల్లల్లో ఈ గుణం దెబ్బతిని ఉంటుంది. వాటికి క్రేట్ పనిచేయదు.

కంచె ఎక్కువసేపు ఒంటరిగా ఉండే పిల్లకు. ఒకవైపు పడక, నీళ్లు, దూరంగా రెండోవైపు గడ్డి ట్రే.

తాడు అంటే మీ నడుముకు కట్టుకుని ఇంట్లో మీతోపాటే తిప్పడం. రూపాయి ఖర్చు లేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు క్రేట్‌కన్నా ఇదే వేగంగా ఫలితమిస్తుంది.

## మీరు వీళ్లలో ఎవరు?

పెరడున్న ఇల్లు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు: నేరుగా పెరడు. మధ్యలో పేపరు, ప్యాడ్ ఏవీ తేవద్దు.

ఫ్లాటు, ఇంటి నుంచి పని, ఒక బాల్కనీ: గడ్డి ట్రే, నడుముకు తాడు, నాలుగున్నర నెలల నుంచి కింద పార్కు.

ఫ్లాటు, ఇద్దరూ ఆఫీసుకు: కంచె, అందులో గడ్డి ట్రే, మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూసే మనిషి. ఆ మనిషి దొరక్కపోతే ఎనిమిది వారాల పిల్లను తేవడం గురించే మళ్లీ ఆలోచించండి. ఏడాది నిండిన, ఇప్పటికే అలవాటైన కుక్కను దత్తత తీసుకోవడం మీకూ దానికీ సుఖం.

రిటైరైన దంపతులు, పై అంతస్తు, చిన్న జాతి కుక్క: బాత్రూములో రబ్బరు మ్యాట్, శాశ్వతంగా. బయట తిరగడం షికారు కోసమే.

డాబా మీద గది ఉన్నవాళ్లు: డాబా బాగానే ఉంటుంది, ఒక మూల గడ్డి ట్రే పెడితేనే. ఒట్టి సిమెంటు మీద నేర్పితే కింది వరండా సిమెంటుకూ అదే వర్తిస్తుంది.

అమెరికాలో కార్పెట్ ఇళ్లలో ఉన్నవాళ్లకు ఒక్క మాట: కార్పెట్ పాదానికి ప్యాడ్‌లాగే ఉంటుంది, తడి కింది నురుగు పొరలోకి దిగితే వాసన వదలదు. అక్కడ ప్యాడ్ జోలికే వెళ్లొద్దు.

## ఏ పద్ధతికైనా మారనివి

తీసుకెళ్లాల్సిన వేళలు: నిద్ర లేవగానే, తిన్న పది నుంచి ముప్పై నిమిషాల్లోపు, నీళ్లు తాగిన పావుగంటకు, ఆట ఆపగానే, పడుకునే ముందు. ఇవి కాక మెలకువగా ఉన్నంతసేపూ ముప్పావుగంటకోసారి. రాత్రి పదిన్నరకు చివరిసారి, రెండు గంటలకు అలారం, మళ్లీ ఐదున్నరకు. పొడిగా ఉంటే మూడు నాలుగు రోజులకోసారి ఆ రెండు గంటల అలారాన్ని పావుగంట చొప్పున ఆలస్యం చేసుకుంటూ పోతే, నాలుగో నెలకల్లా చాలా పిల్లలు తెల్లవారేదాకా ఆగుతాయి. రాత్రిపూట పెద్ద లైటు వేయొద్దు, ముద్దు చేయొద్దు. లేకపోతే రెండింటికి లేవడం ఆటవేళ అవుతుంది.

మాట ఒకటే ఉండాలి. "ఉచ్చ" అంటారో "సుస్సు" అంటారో మీ ఇష్టం, ఇంటిల్లిపాదీ అదే అనాలి, అది పోస్తుండగానే అనాలి.

తిండి వేళకు పెడితే రెంటికీ వేళ వస్తుంది. మూడు నెలల లోపు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, పావుగంటకు గిన్నె తీసేయాలి. పాలన్నం పెట్టే ఇళ్లలో పిల్లకు తరచూ విరేచనాలు అవుతుంటాయి, పాలలోని చక్కెర చాలావాటికి అరగదు. పలచగా పోయే పిల్ల ఏ పద్ధతిలోనూ ఆపుకోలేదు. పాలు మానేసి, నులిపురుగుల మందు వేయించారో లేదో చూసుకోండి.

లోపల పోస్తుండగా చూస్తే చప్పట్లు కొట్టి ఆపి, ఎత్తుకెళ్లండి. పోశాక చూస్తే తుడవడమే మీ పని. ముక్కు అందులో రాసి కొడితే అది నేర్చుకునేది ఒకటే, మీ ముందు పోయకూడదని. తర్వాత సోఫా వెనక పోస్తుంది, ఇక తాడు పట్టి బయట నిలబడ్డా మీ ఎదుట పోయదు.

తుడవడంలో అసలు దోషి మాప్ బకెట్. మడుగును మాప్‌తో తుడిచి, అదే బకెట్‌తో హాలంతా తుడిస్తే వాసనను ఇల్లంతా పూసినట్టే. ముందు పాత గుడ్డతో అద్ది తీసేయండి, ఆ గుడ్డను వేరుగా ఉంచండి. తర్వాత ఎంజైమ్ క్లీనర్ (మూత్రం వాసనను మూలంతో సహా పోగొట్టే ద్రావణం) పోసి పది పదిహేను నిమిషాలు వదిలి తుడవండి. అది లేకపోతే తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి వాడొచ్చు, మామూలు టైల్స్ మీద మాత్రమే. తాండూరు బండలు, కడప రాయి, మార్బుల్ మీద వెనిగర్ పడితే మెరుపు పోయి మచ్చలవుతాయి. ఆ రాళ్లు తడిని పీల్చుకుంటాయి కూడా, వాటికి ఎంజైమ్ క్లీనరే దిక్కు. ఫినాయిల్ మన ముక్కును మోసం చేస్తుంది, కుక్క ముక్కును కాదు. బ్లీచింగ్ ద్రావణాన్ని మూత్రం మీద నేరుగా పోయొద్దు, యాసిడ్‌తో అసలు కలపొద్దు. రెండు సందర్భాల్లోనూ ఊపిరితిత్తులకు హానిచేసే వాయువులు వస్తాయి.

## మధ్యలో పద్ధతి మార్చాల్సి వస్తే

ప్యాడ్ నుంచి గడ్డికి రాత్రికి రాత్రి మార్చొద్దు. గడ్డి ట్రే మీదే ప్యాడ్ పరచండి. నాలుగు రోజులకు ప్యాడ్‌ను సగానికి మడవండి, ఇంకో నాలుగు రోజులకు పావు వంతుకు. చివరికి అరచేతంత ముక్క మిగులుతుంది, దాన్నీ తీసేయండి. ఏ మెట్టులోనైనా రెండుసార్లు నేల మీద పోస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. మొత్తం రెండు మూడు వారాలు పడుతుంది.

బాల్కనీ ట్రే నుంచి పార్కుకు మార్చేటప్పుడు, తడిసిన గడ్డి ముక్కను కవరులో కిందికి తీసుకెళ్లి పార్కు మూలలో వేసి, పిల్లను దాని మీదికే నడిపించండి. పొద్దున్నే లేవగానే తీసుకెళ్లే మొదటి షికారుకు ఈ పని పెట్టుకోండి, అప్పుడు మూత్రాశయం నిండుగా ఉంటుంది, ఎక్కువసేపు ఆలోచించదు. ట్రే మాత్రం వరసగా రెండు వారాలు బయటే పోసేదాకా బాల్కనీలోనే ఉంచండి.

అలవాటైపోయిన పిల్ల ఉన్నట్టుండి ఇంట్లో పోయడం మొదలుపెట్టినా, పదేపదే కూర్చుని రెండేసి చుక్కలు పోస్తున్నా, రంగు ఎర్రగా కనిపించినా పద్ధతిని అనుమానించకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు, ఆ పొద్దే డాక్టరుకు చూపించండి. మిమ్మల్ని చూడగానే తోక ఊపుతూ నేలకు అంటుకుపోయి కాస్త పోసే పిల్లది ఇంకో సంగతి. అది సంబరమో భయమో, అలవాటు తప్పడం కాదు. తిట్టకుండా, ఇంట్లోకి రాగానే దాన్ని పలకరించకుండా, మీ చెప్పులు విప్పి బ్యాగు పెట్టేదాకా ఆగి, కింద కూర్చుని పిలిస్తే చాలావాటికి వయసుతోపాటు పోతుంది.